తెర వెనక ఊపిరి

మా వదిన గాలి పీలిస్తే పదహారు వయొలిన్ కమానులు లేచేవి. పొగడ్తకి చెబుతున్న మాట కాదు ఇది. ఇరవయ్యేళ్ళు వేదిక పక్కన నిలబడి చూశాను.

ఆవిడ వాద్యబృందంలో మొదటి వయొలిన్. ఆ స్థానాన్ని మొదటి కుర్చీ అంటారు. ఆ కుర్చీలో ఉన్నవాళ్ళు ఎప్పుడు మొదలుపెడితే వెనక పదిహేను మందీ అప్పుడే మొదలుపెట్టాలి. ఎదురుగా చేతిలో పుల్ల పట్టుకుని ఒకాయన నిలబడతాడు. మేం వేదిక పనివాళ్ళం ఆయన్ని పుల్లాయన అంటాం. అందరూ ఆయన పుల్లని చూసే వాయిస్తారని టిక్కెట్టు కొని వచ్చినవాళ్ళు అనుకుంటారు. వయొలిన్ వాళ్ళు మాత్రం మా వదిన ముక్కు వినేవాళ్ళు. మొదలుపెట్టే ముందు ఆవిడ ముక్కుతో ఒక్కసారి చురుగ్గా గాలి పీల్చేది. 'స్స్' అని చిన్న చప్పుడు. దాంతో పాటు కుడి భుజం లేచేది, భుజంతో కమాను లేచేది, దాని వెంట మిగతా పదిహేనూ లేచేవి.

నేను ఆ హాలు వడ్రంగిని. వేదిక పలకలు, కుర్చీలు, స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండ్లు, తెరలు, తలుపులు అన్నీ నా చేతి మీదే. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదువుకుని, మేనమామ దగ్గర చెక్క నునుపు చేసే చిత్రిక పట్టడం నేర్చుకుని, అన్నయ్య దగ్గరికి వచ్చాను. హాల్లో పని వదినే ఇప్పించింది.

"మాటలు తక్కువుండే వడ్రంగి కావాలన్నారు. మా ఇంట్లో అలాంటివాడు ఒకడున్నాడు, అసలు నోరే లేదు అని చెప్పాను" అంది అప్పట్లో.

నోరు లేక కాదు. పని చేసేటప్పుడు మేకులు పెదాల మధ్య పెట్టుకోవడం నాకు అలవాటు. నోట్లో మేకులున్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. పని లేనప్పుడు కూడా రెండు మేకులు పెట్టుకు తిరగడం అలా మొదలైంది.

వదిన ఇస్త్రీ దుకాణం వాళ్ళ అమ్మాయి. వాళ్ళ దుకాణం మేడ మీద వేళ్ళు వంకర్లు పోయిన ఒక ముసలి వయొలిన్ మాస్టారు అద్దెకుండేవాడట. వాయించలేడు గానీ నేర్పగలడు. ఏడేళ్ళ పిల్లని పట్టుకుని మొదలుపెట్టాడు. పాఠం మేడ మీద, సాధన కింద దుకాణంలో, మడతపెట్టిన బట్టల మధ్య. వాళ్ళ నాన్నకి సంగీతం ఒక్క ముక్క రాదు. కానీ ఆవిడ వేలు తప్పు చోట పడితే ఇస్త్రీ పెట్టె ఆగిపోయేదట. సరిగ్గా పడ్డాకే మళ్ళీ కదిలేదట. "మాస్టారు క్షమించేవాడు గానీ ఇస్త్రీ పెట్టె క్షమించేది కాదు" అంటుంది ఇప్పటికీ.

అన్నయ్య ఆవిణ్ణి మొదటిసారి ఇంటికి తీసుకొచ్చిన రోజు మా అమ్మ కన్ను ఎక్కడా నిలవలేదు, ఆవిడ ఎడమ దవడ కింద ఉన్న నల్లమచ్చ మీద తప్ప.

"అదేంటమ్మా, కాలిందా?"

"కాదండీ. వయొలిన్ పెట్టుకునే చోటు. రోజూ ఒరుసుకుని అలా అయింది."

"అది కరుస్తుందా ఏంటి?" అంది అమ్మ.

"సరిగ్గా వాయించకపోతే కరుస్తుంది అత్తయ్యా" అంది వదిన. అప్పటికింకా పెళ్ళి మాటే రాలేదు, అత్తయ్యా అనేసింది. అమ్మ లోపలికి పోయి నవ్వుకుంటూ మంచినీళ్ళు తెచ్చింది.

ఇరవై రెండేళ్ళకి వదిన వాద్యబృందంలో చేరింది, అందరికంటే వెనక స్టాండులో. ఒక్కో స్టాండుకి ఇద్దరు. ముందుకి జరగాలంటే ముందువాళ్ళు మానేయాలి, లేదా నువ్వు వాళ్ళకంటే బాగా వాయిస్తావని తేలాలి. వెనక స్టాండు నించి మొదటి కుర్చీకి ఇరవై ఎనిమిది అడుగుల దూరం. పలకలు కొలిచినవాణ్ణి, నాకు తెలుసు. ఆ ఇరవై ఎనిమిది అడుగులకి ఆవిడకి పదకొండేళ్ళు పట్టింది. కూర్చున్నాక ఇరవయ్యేళ్ళు లేవలేదు. ఎన్నో ఊళ్ళు తిరిగింది. వేదిక ముందు ఒక్కతే నిలబడి, వెనక బృందమంతా తోడు వాయిస్తుంటే, గంటసేపు కాగితం చూడకుండా వాయించిన రోజులున్నాయి. ఇంటికొచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచిన రోజులూ ఉన్నాయి.

కిందటేడు వానల్లో హాలు వెనక మెట్ల మీద జారి పడింది.

పడుతూ కూడా ఎడమ చేత్తో వయొలిన్ పెట్టెని పైకెత్తి పట్టుకుంది. వయొలిన్‌కి గీత కూడా పడలేదు. కుడి భుజం రెండు చోట్ల విరిగింది. ఆ మెట్లకి గరుకు పట్టీ కొట్టాల్సింది నేను. రేపు కొడదాంలే అనుకున్నాను. మర్నాడు కొట్టాను. ఆవిడ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఎముక అతుక్కుంది గానీ చెయ్యి ఛాతీ దాటి లేవనంది. ఆసుపత్రిలో మూడు నెలలు చేతికి కసరత్తులు చేయించిన ఆవిడ ఒక రోజు వయొలిన్ తెచ్చి వాయించమని, పక్కన నిలబడి చూసి చెప్పిందట: "భుజం కాదు, మీ ఊపిరి అడ్డం పడుతోంది. గాలి పీలుస్తారు, భుజం పైకెక్కుతుంది, అక్కడే పట్టేస్తుంది. గాలి వదుల్తూ మొదలుపెట్టండి."

వినడానికి చిన్న సంగతి. నలభై ఆరేళ్ళ అలవాటు మరి. ఇంట్లో సాధన చేస్తే అమ్మ తలుపు సందులోంచి చూసి కళ్ళు తుడుచుకుంటోంది. హాలు పై గదుల్లో చేస్తే బృందం వాళ్ళ చెవులు. అందుకని వేదిక కింద ఉన్న నా పనిగదికి వచ్చింది. రోజూ పొద్దున్న ఏడింటికి, ఎవరూ రాకముందు. జిగురు వాసన, రంపం పొట్టు, పైనించి ఒక బల్బు. నేను నా పని చేసుకునేవాణ్ణి. ఆవిడ ఒక్క తీగ మీద కమాను ఈ చివర నించి ఆ చివరకి లాగేది. మళ్ళీ లాగేది. కమాను వణికేది. పాట కాదు, ఉత్త గీత. ఒక గీత నచ్చడానికి పన్నెండు రోజులు పట్టింది.

ఒక పొద్దున్న వాయించడం ఆపి నా వంక చూస్తూ కూర్చుంది.

"మరిదీ, నువ్వు చిత్రిక పట్టేటప్పుడు ఊపిరి ఎప్పుడు వదుల్తావు?"

నేనెప్పుడూ ఆలోచించలేదు. చెక్క మీద చిత్రిక పెట్టి తోశాను. తోస్తున్నప్పుడే గాలి బయటికి పోతోంది. వెనక్కి లాగేటప్పుడు దానంతటదే లోపలికి వస్తోంది.

"ఇంకోసారి పట్టు."

పట్టాను.

"భుజం లేవడం లేదు నీకు. ఎవరు నేర్పారు?"

"చెక్క" అన్నాను.

వారం రోజులు అదే పని. నేను చిత్రిక తోస్తే ఆవిడ కమాను లాగేది. పొట్టు తెగకుండా పొడుగ్గా లేస్తే, "నాదీ అంతే వచ్చింది చూశావా" అనేది. పొట్టు మధ్యలో తెగితే, "నీ వల్లే నాదీ తెగింది, సరిగ్గా పట్టవయ్యా" అని తిట్టేది. అక్కడినించి చెయ్యి దారిలో పడింది. ఏడో నెలకి పాట వచ్చింది. పదో నెలకి పాత పాటలన్నీ వచ్చాయి. పాతలా మాత్రం రాలేదు. మునుపు ఆవిడ స్వరం మొదలైతే మొదలైనట్టు తెలిసేది, తలుపు తీసినట్టు. ఇప్పుడు ఎప్పుడు మొదలైందో తెలియదు. విని ఉన్నామని తర్వాత తెలుస్తుంది. నాకిదే బాగుంది. అడిగితే చెప్పేవాణ్ణి, అడగలేదు.

పదకొండో నెలలో పుల్లాయనే నా పనిగదికి దిగి వచ్చాడు. పెద్దాయన, మోకాళ్ళ నొప్పులు.

"ఏమ్మా, చెయ్యి బాగైందటగా. సోమవారం వచ్చి నీ కుర్చీలో కూర్చో. నేను చెబితే ఎవరూ కాదనరు."

"కాదనరు. వెనకాల అనుకుంటారు" అంది వదిన.

"ఏమనుకుంటారు?"

"పాపం అనుకుంటారు. జాలిపడి ఇచ్చిన కుర్చీలో నేను కూర్చోలేనండీ. ఖాళీ అని ప్రకటించండి. తెర కట్టించండి. అందరితో పాటు నేనూ నంబరు తీసుకుని వాయిస్తాను."

"ఓడిపోతే?"

"వెనక స్టాండు నించి మొదలుపెట్టినదాన్ని. దారి తెలుసు."

పుల్లాయన నా వంక చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. నా నోట్లో మేకులున్నాయి.

బృందంలోకి మనిషిని తీసుకునే పద్ధతి అది. వేదిక మీద నల్ల తెర కడతారు. వాయించేవాళ్ళు తెర వెనక, వినేవాళ్ళు తొమ్మిది మంది హాల్లో. ఎవరు వాయిస్తున్నారో తెలియకూడదు. అడుగుల చప్పుడుకి ఆడో మగో తెలుస్తుందని తివాచీ పరిచి, చెప్పులు విప్పిస్తారు. గొంతు వినపడకూడదు, ఏమన్నా అడగాలంటే పక్కనున్న ఆఫీసావిడ చెవిలో చెప్పాలి. పేర్లుండవు, నంబర్లే.

వదిన ఇంకో పని కూడా చేసింది. ఆవిడ శిష్యురాలు ఒకమ్మాయి బృందంలో మూడో స్టాండులో వాయిస్తుంది. ఎనిమిదేళ్ళు ఆవిడ దగ్గరే నేర్చుకుంది. ఆ అమ్మాయిని పనిగదికి పిలిపించింది.

"నువ్వూ దరఖాస్తు పెట్టు."

"నేను రాను టీచర్. మీ కుర్చీకి నేనెలా పోటీకి వస్తాను?"

"నా కుర్చీ అని ఎవరన్నారు? మరిదీ, ఆ కుర్చీ ఎవరిది?"

"హాలుది" అన్నాను.

"విన్నావుగా, చేసినవాడే చెబుతున్నాడు. నువ్వు రాకపోతే నేనూ రాను. బాగా వాయించేవాళ్ళు తప్పుకుంటే గెలిచి ఏం లాభం? నన్ను ఓడించాలనే వాయించు. మర్యాదకి తగ్గించి వాయించావంటే తెర వెనక నించే కనిపెడతాను, చెవి మెలేస్తాను."

ఆ అమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ వెళ్ళింది.

వదిన పోటీకి వస్తోందని అందరికీ తెలుసు, ఆవిడ దాచలేదు. మిగతా ఐదుగురూ ఎవరన్నది ఆఫీసావిడకీ, వాళ్ళని లోపలికి తీసుకొచ్చే నాకూ తప్ప హాల్లో ఎవరికీ తెలియదు. ఆ రోజు పొద్దున్న తెర బిగిస్తుంటే సెల్లో పెద్దాయన వచ్చాడు. సెల్లో అంటే మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించే పెద్ద వాద్యం. ఇరవయ్యేళ్ళుగా వదినకి ఎదురుగా కూర్చుని, వేగం ఎక్కువైందనో తక్కువైందనో ఆవిడతో పోట్లాడుతున్న మనిషి. తొమ్మిది మందిలో ఒకడు. ఆవిడ పని అయిపోయిందని దాపరికం లేకుండా అనేవాడు.

"ఈ మేస్త్రీ ఆవిడ మరిది. ఇతన్ని ఇక్కడ ఉంచడం ఏం న్యాయమండీ?" అన్నాడు పుల్లాయనతో.

"ఇతను నాతో ఇరవయ్యేళ్ళలో నాలుగు మాటలు మాట్లాడాడు. అందులో రెండు 'జాగ్రత్త, మెట్టు' అన్నవి. ఉండనీ" అన్నాడు పుల్లాయన.

ఆరుగురూ డబ్బాలో చెయ్యి పెట్టి నంబర్లు తీసుకున్నారు. శిష్యురాలికి మూడు వచ్చింది. వదినకి ఐదు.

నేను తెర అంచున నిలబడ్డాను. అక్కడినించి ఇటు వాయించేవాళ్ళూ కనపడతారు, అటు వినేవాళ్ళూ కనపడతారు. మొదటి ఇద్దరూ బాగానే వాయించారు. తొమ్మిది మందీ తలలు వంచి రాసుకున్నారు. మూడో నంబరు పిల్ల వచ్చి నిలబడింది. వయొలిన్ భుజాన పెట్టింది. కళ్ళు మూసుకుంది.

'స్స్.'

హాల్లో తొమ్మిది తలలూ ఒక్కసారి పైకి లేచాయి.

ఆ పిల్ల ఎనిమిదేళ్ళలో వదిన వాయించడంతో పాటు వదిన ముక్కునీ నేర్చుకుంది. తనకే తెలియదు. ఫ్లూటు వాయించే ఆవిడ వదినకి చెల్లెలి లాంటిది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కావిడ వంక చూసి తల ఊపింది. సెల్లో పెద్దాయన కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. చేతులు కట్టుకున్నాడు. ఇక వినక్కర్లేదన్నట్టు. ఆ పిల్ల గొప్పగానే వాయించింది. విన్నవాళ్ళు మాత్రం ఆ పిల్లని వినలేదు, మా వదినని విన్నారు.

నాలుగో నంబరు అయింది. ఐదో నంబరుగా వదిన వచ్చింది. వట్టి కాళ్ళు, తివాచీ. నా వంక చూడలేదు. గాలి వదిలింది. ఎప్పుడు మొదలైందో తెలియలేదు. హాల్లో వాళ్ళకీ తెలియలేదు. ఒక్కొక్కరే కాగితం మీంచి తలెత్తారు. సెల్లో పెద్దాయన జేబులోంచి కలం మళ్ళీ తీశాడు. ముందుకి వంగాడు. పుల్లాయన కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు.

ఆరో నంబరు కూడా అయ్యాక, మూడూ ఐదూ మిగిలాయని, ఆ ఇద్దరూ మళ్ళీ వాయించాలని ఆఫీసావిడ చెప్పింది. మధ్యలో పావుగంట విరామం. ఫ్లూటావిడ టీ గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మూడే కదా? నోటితో చెప్పొద్దులే, తల ఊపు చాలు."

నేను స్టాండు మర బిగిస్తున్నాను.

"అక్క ఊపిరి నాకు తెలియదా ఏంటి! భయపడకు. మేం నలుగురం ఉన్నాం. మూడుకే రాస్తాం. అక్కని ఓడనివ్వం" అని నా భుజం తట్టి వెళ్ళింది.

నోట్లో మేకులు చల్లగా ఉన్నాయి. నలుగురు అయినవాళ్ళు. వదిన మీద ప్రేమతో వదిన కాని మనిషికి రాయబోతున్నారు. నేను తల అడ్డంగా ఊపితే చాలు. అదీ కాకపోతే ఇంకో దారి ఉంది. వెళ్ళి వదినకి చెబితే చాలు, మొదలుపెట్టే ముందు ఒక్కసారి పాత అలవాటుగా ముక్కుతో గాలి పీల్చు అని. ఒక్క చప్పుడు, నాలుగు ఓట్లు. గరుకు పట్టీ కొట్టని మెట్లు గుర్తుకొచ్చాయి. ఆవిడకి నేను బాకీ ఉన్నాననిపించింది.

పక్కగదికి వెళ్ళాను. వదిన కిటికీ దగ్గర కూర్చుని కమాను తీగ మీద జారకుండా దానికి గుగ్గిలం రాస్తోంది. నేను మేకులు తీసి అరచేతిలో పెట్టుకున్నాను.

"వదినా..."

ఆవిడ చెయ్యి ఆపింది. నా అరచెయ్యి చూసింది.

"మేకులు తీశావంటే ఏదో చెప్పబోతున్నావు."

"ఊఁ."

"అక్కడ నువ్వు చూసిన సంగతేనా?"

"ఊఁ."

"వద్దు మరిదీ. నేను బాగా వాయించాను. ఇంతకంటే బాగా ఎప్పుడూ వాయించలేదు. ఇంకోసారీ అలాగే వాయిస్తాను. అది చాలకపోతే చాలనట్టే." గుగ్గిలం బిళ్ళని గుడ్డలో చుట్టింది. "పెట్టుకో నోట్లో."

పెట్టుకున్నాను. మెట్లలాగే ఇది కూడా పొరపాటవుతుందేమోనని భయం వేసింది. ఆవిడకి భయం లేదు. తలుపు దగ్గర ఆగి నా చొక్కాకి అంటిన పొట్టు దులిపి మరీ వెళ్ళింది.

రెండోసారి ఇద్దరికీ ఒకటే పాట, నిదానంగా సాగేది. మూడో నంబరు మళ్ళీ 'స్స్' అంది. ఐదో నంబరు ఏ చప్పుడూ చేయలేదు. రెండోసారి మొదటిసారి కంటే బాగుంది. అంతకంటే నాకు చెప్పడం రాదు.

తొమ్మిది చీటీలు వచ్చాయి. చీటీ మీద నంబరు రాసి, కింద ఒక మాట కారణం రాయాలి. పుల్లాయన పైకి చదువుతాడు. పద్ధతి ప్రకారం తెర వెనక ఇద్దరూ నిలబడి వింటారు.

"మూడు. 'ఈ కుర్చీ వీరిదే.' మూడు. 'అనుభవం తెలుస్తోంది.' ఐదు. 'మచ్చ లేదు.' మూడు. 'వీరు లేని ఏడాది చాలు.'" పుల్లాయన కళ్ళజోడు సర్దుకుని, కారణాలు ఆపి ఉత్త నంబర్లు చదివాడు. "ఐదు. మూడు. ఐదు."

శిష్యురాలు బిత్తరపోయి వదిన వంక చూసింది. తను లేని ఏడాది ఏమిటో ఆ పిల్లకి అర్థం కాలేదు. వదినకి అయింది. పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది. నాలుగు ఓట్లు తనవి కాకుండా పోయాయని తెలిసి కూడా నవ్వుతోంది.

ఎనిమిదో చీటీ ఆకుపచ్చ సిరాది. హాల్లో ఆకుపచ్చ సిరా వాడే మనిషి ఒక్కడే. పుల్లాయన దీన్ని నిదానంగా చదివాడు.

"ఐదు. 'ఇరవయ్యేళ్ళుగా ఈ కుర్చీకి ఇలాంటి చెయ్యి కావాలని ఎదురుచూస్తున్నాను. ఎవరైనా సరే, పోనివ్వొద్దు.'"

నాలుగు, నాలుగు. ఒకటే చీటీ మిగిలింది. అది పుల్లాయనది.

ఆయన దాన్ని విప్పలేదు. లేచి నిలబడ్డాడు.

"నాదీ ఐదే. ఇది రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. మూడో నంబరు ఎవరో నాకు తెలుసు. ఆమెని ఈ కుర్చీలో కూర్చోబెట్టింది నేను. అయినా ఐదు బాగుంది. బాగున్నదాన్ని కాదని రాస్తే ఆమే నన్ను క్షమించదు." చీటీ జేబులో పెట్టుకున్నాడు. "మేస్త్రీ, తెర తియ్యి."

తాడు లాగాను.

ఐదో నంబరు కాగితం చేత్తో పట్టుకుని వట్టి కాళ్ళతో మా వదిన నిలబడి ఉంది. పక్కన మూడో నంబరుతో శిష్యురాలు.

ఫ్లూటావిడే ముందు అరిచింది. "అక్కా! నేను నీకు వెయ్యలేదే! నీకోసమని నీకే వెయ్యలేదే!"

"విన్నాను తల్లీ. ప్రేమతోనే ముంచబోయారు నలుగురూ" అంది వదిన. తర్వాత పుల్లాయన వంక తిరిగింది. "మూడు రాసుంటే నిజంగానే క్షమించేదాన్ని కాదండీ."

పుల్లాయన జేబురుమాలు తీసి మొహమంతా తుడుచుకున్నాడు, చెమట పట్టినట్టు.

అందరూ సెల్లో పెద్దాయన వంక చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేచి వేదిక దగ్గరికి వచ్చాడు.

"రాసింది నేనే. వెనక్కి తీసుకోను. నాకు బుద్ధి లేకపోయినా చెవులున్నాయి."

"ఇరవయ్యేళ్ళుగా ఎదురుచూస్తున్నారా?" అంది వదిన.

"మీరు మునుపు ఇలా వాయించలేదు."

"మునుపు చెయ్యి విరగలేదు."

"అయితే ఆ రెండో చెయ్యి జాగ్రత్త" అన్నాడాయన, నవ్వకుండా.

ఆ రోజు అన్నయ్య తన కళ్ళజోళ్ళ దుకాణంలోనే ఉండిపోయాడు, హాలుకి రావడానికి ధైర్యం చాలక. కబురు అందేలోపు ఒకావిడకి వాళ్ళాయన అద్దాలు పెట్టి పంపించేశాడట. ఆవిడ సాయంత్రం తిరిగొచ్చి, ఇంట్లో అందరూ ఇంత లావుగా ఎందుకున్నారని అడిగిందట. అమ్మ కథంతా రెండుసార్లు చెప్పించుకుని చివరికి నన్ను తిట్టింది. "ఒక్కసారి తల ఊపడానికి నీకేం రోగంరా మూగోడా? అది ఓడిపోయుంటే?" వదిన నా వైపు చూసి, "ఊపుంటే ఈ ఇంట్లో నీకు అన్నం పెట్టేదాన్ని కాదు" అంది.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. సోమవారం బృందమంతా కూర్చున్నారు. వదిన మొదటి కుర్చీలో కూర్చుంది. ఆవిడ పక్క కుర్చీ ఖాళీ. అక్కడ కూర్చునే ఆయన కిందటి నెలే విరమించాడు, ఆయన బదులు వచ్చిన కుర్రాడికి చివర కుర్చీ వేశాను. పుల్లాయన పుల్ల ఎత్తాడు. వదిన గాలి వదిలి కమాను కదిపింది. ఆవిడ ఒక్కతే మొదలైంది. వెనక పదిహేను మందీ చెదురుమదురుగా వచ్చి పడ్డారు, వానకి రేకుల మీద మొదటి చినుకుల్లా.

"మళ్ళీ" అన్నాడు పుల్లాయన.

మళ్ళీ అంతే. ఇరవయ్యేళ్ళుగా వాళ్ళు ఒక చప్పుడు కోసం ఎదురుచూసి వాయించారు. ఇప్పుడా చప్పుడు లేదు. కమాను ఎత్తి పట్టుకుని అది వస్తుందని కూర్చున్నారు.

"ముక్కు పట్టేసిందా?" అన్నాడు సెల్లో పెద్దాయన.

వదిన మొహంలో మొదటిసారి కొంచెం రంగు మారింది. గెలిచిన కుర్చీలో కూర్చుని వెనకవాళ్ళని నడిపించలేకపోతే అది ఉత్త కర్ర. పుల్ల మూడోసారి లేచింది. అప్పుడు మూడో స్టాండు నించి, ఆపుకోలేక వచ్చినట్టు, 'స్స్' అని వినపడింది.

పదహారు కమానులు ఒక్కసారి కదిలాయి. నాలుగు వరసలు వాయించాక నవ్వు ఆగక అందరూ ఆపేశారు.

"ఎవరది?" అంది వదిన వెనక్కి తిరగకుండా.

శిష్యురాలు లేచింది. "సారీ టీచర్. కావాలని కాదు, అదే వచ్చేసింది."

"వయొలిన్ తీసుకుని రా. ఇలా, నా పక్కకి."

పుల్లాయన వంక చూసింది. ఆయన తల ఊపాడు. "తొమ్మిది మందిలో నలుగురు రాసిన పిల్ల. నాకు అభ్యంతరం లేదు."

"ఆ నలుగురూ మీకు రాశారు టీచర్, నాకు కాదు" అంది ఆ పిల్ల.

"నువ్వు బాగా వాయించబట్టే నేననుకున్నారు. చెడగొట్టుంటే అనుకునేవాళ్ళా? కూర్చో." కాగితం ఇద్దరి మధ్యకి జరిపింది. "ఈ వారం ఈ ముక్కు నువ్వు వాయించు. ఈలోపు వీళ్ళకి నా మోచెయ్యి చూడ్డం నేర్పిస్తాను. ఆ తర్వాత నీ ముక్కు సంగతి కూడా చూస్తాను. నీ భుజం కూడా పైకెక్కుతోంది, యాభై ఏళ్ళకి పట్టేస్తుంది. రేపు పొద్దున్న ఏడింటికి మరిది పనిగదికి రా. చిత్రిక ఎలా పడతాడో చూద్దువుగాని."

పనిగదిలో ఇంకో మనిషికి చోటు లేదని చెప్పాలనుకున్నాను. చెప్పకుండా సాయంత్రం చెక్కలన్నీ గోడవారకి జరిపి, రెండో స్టాండు ఒకటి దించి పెట్టాను.

ఆ వారమంతా వదిన వాళ్ళని నేర్పుకొచ్చింది. శనివారం హాలు నిండింది. నేను నా చోట నిలబడ్డాను. పుల్ల లేచింది. వదిన మోచెయ్యి కిందకి దిగింది, గాలి బయటికి పోయింది. పక్కన శిష్యురాలు పెదవులు బిగించి, ముక్కు పట్టుకున్నంత పని చేసి కూర్చుంది. ఏ చప్పుడూ లేదు. పదహారు కమానులు ఒక్కలా నడిచాయి.

ఎవరైనా అడుగుతారేమోనని మేకులు తీసి జేబులో వేసుకున్నాను.